అడగకుండా తెరిచిన మూత

నవంబర్ 3, సోమవారం

కప్ప ఆగిపోయింది. సరిగ్గా దొర మలుపులో. ఇంత కొండ వదిలేసి దానికి అక్కడే చోటు దొరికింది.

చూడ్డానికి కప్పలా ఉంటుందని నాన్న పాత కారుకి ఆ పేరు. పొద్దున మా ఊరు తెలగసారిలో బయల్దేరినప్పుడు బాగానే ఉంది. ఊరు ఊరంతా మంచులో మునిగి ఉంది. లైట్లు వేసుకుని మెల్లగా దిగుతున్నాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు దగ్గింది, ఒకసారి ఎక్కిళ్ళు పెట్టింది, అంతే. వెనక సీట్లో చెల్లెలు నినింగ్ ఉంది. ఎనిమిదో నెల. కింద బంజర్‌నెగార ఆసుపత్రిలో స్కానింగు. అక్కా, ఇప్పుడేంటి అంది. నాకు పిల్లల్ని బయటికి తీయడం తెలుసు గానీ ఇంజన్ల సంగతి తెలియదు అన్నాను. నవ్వలేదు.

కస్నో తాత బజ్జీల కొట్టు మలుపుకి ఇవతలే. గొడుగేసుకుని పరుగున వచ్చాడు. కప్పకి ఇంజన్ వెనకుంటుంది కదా, ఆ మూత మీద నేను చెయ్యి వేశానో లేదో, ఆగాగు బిదానమ్మా, ఏం పనది అని కేకేశాడు. కాన్పులు చేసే బిదాన్‌ని కాబట్టి ఊళ్ళో అందరికీ నేను బిదానమ్మనే, టిటిస్ అన్న పేరు అమ్మకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆ పక్క సమాధిలో ఉన్న తేయాకు తోట దొర బతికినన్నాళ్ళూ తన ముందు ఎవరైనా తొందరపడితే ఊరుకునేవాడు కాదట. ఆయన ముందు బండి మూత ఎత్తడమంటే పెద్దమనిషి ముందు పంచె ఎత్తడమేనట. ముందు కూర్చోవాలి. కాస్త ఏదైనా తినాలి. పోనివ్వండి దొరా అని అడగాలి. అప్పుడు తాళం తిప్పాలి. హారన్ కొట్టావా అని నిలదీశాడు. కొట్టాను, ఎప్పట్లాగే రెండుసార్లు.

వేడివేడి సోయా టెంపే బజ్జీలు తిన్నాం. అడిగాం. తాళం తిప్పగానే కప్ప ఏమీ ఎరగనట్టు లేచింది.

నేను దయ్యాల్ని నమ్మను. హారన్ మాత్రం కొడతాను. పోయేదేముంది?

స్కానింగులో బిడ్డ ఇంకా కూర్చునే ఉంది. తల పైకి, పిర్రలు కిందికి. నినింగ్ కటి ఇరుకు. ఈ నెలలో తిరగకపోతే ఆపరేషన్ తప్పదు అన్నాడు డాక్టరు. ఈ సంగతి రాయకుండా ఇంతసేపూ కారు గురించి రాశాను.

నవంబర్ 5, బుధవారం

ఇవాళ ఎండ కాసింది. దారిలో ఆగలేదు. అయినా పనిగట్టుకుని గ్వాన్ అన్న షెడ్డుకి పోయాను. కింద బంజర్‌నెగారలో ఎప్పుడూ ఉక్కే. షెడ్డులో అందరూ బనీన్లతో ఉన్నారు, నేనొక్కదాన్నే స్వెట్టరుతో.

నాన్న కాలం నుంచీ కప్పకి వైద్యుడు గ్వాన్ అన్నే. డెబ్బై నాలుగో సంవత్సరం బీటిల్‌ని ఇంకా రోడ్డు మీద తిప్పగలుగుతున్నానంటే ఆయన చలవే. పోయిన నెల కొత్త సైలెన్సర్ వేసింది కూడా ఆయనే. ఆయన ముందు కప్ప మహా బుద్ధిమంతురాలు. ఊరంతా తిప్పాడు. దగ్గు లేదు, ఎక్కిళ్ళు లేవు. ఆసుపత్రి గుమ్మం ఎక్కగానే జ్వరం దిగిపోయే పిల్లలుంటారే, అచ్చం అలాగే. క్లచ్ సరిగ్గా తొక్కి ఉండవమ్మా అన్నాడు. ఒళ్ళు మండింది. అది ఎలా దగ్గుతుందో నేనే దగ్గి చూపించాను. షెడ్డు షెడ్డంతా నవ్వారు. రేపటి నుంచి నన్ను చూసి దగ్గుతారు, తెలుసు.

నవంబర్ 8, శనివారం

ఆగింది. అదే మలుపు.

కస్నో తాత వేళ్ళ మీద లెక్క వేశాడు. మొన్న సోమవారం క్లివోన్, ఇవాళా క్లివోనే అన్నాడు. ఐదు రోజుల సంత లెక్కలో క్లివోన్ వస్తే చాలు, దయ్యాలు తిరిగే రోజని మా వైపు జనం గొంతు తగ్గించి మాట్లాడతారు. దొర డచ్చివాడు కదా తాతా, ఆయనకి మన క్లివోన్‌తో పనేంటి అని అడిగాను. ఇన్నేళ్ళుగా ఇక్కడే పడున్నాడు, ఆమాత్రం అలవాటవదా అన్నాడు.

నవంబర్ 9, ఆదివారం

అమ్మ తేల్చేసింది. కప్పకి లోపలికి గాలి దూరిందట.

మాకు ఏమొచ్చినా అదే కదా. తలనొప్పి, కడుపుబ్బరం, వాంతి, ఒళ్ళు నొప్పులు, అన్నిటికీ ఒకటే పేరు, గాలి దూరడం. నూనె రాసి నాణెంతో వీపు ఎర్రగా గీరితే పోతుంది. కారుకి వీపెక్కడుందమ్మా గీరడానికి అన్నాను. నవ్వు, నవ్వు, అంత చలిలో పొద్దున్నే లేపి పరిగెత్తిస్తావు, ఒక దుప్పటి కప్పిన పాపాన పోలేదు, మీ నాన్నయితే దాన్ని ఇట్లా చూసేవాడా అంది.

సాయంత్రం చూస్తే కప్ప మీద నాన్న దుప్పటి ఉంది. తీయబోయి ఎందుకో ఊరుకున్నాను.

నవంబర్ 12, బుధవారం

ఆగింది. ఇవాళ క్లివోన్ కాదు. ఏం తాతా అంటే, రేపు క్లివోన్ కదా, ఒక పూట ముందే లేచుంటాడు అన్నాడు. బజ్జీలు తిన్నాను. లేచింది.

ఈ మలుపులో బండ్లు ఆగితే లాభపడేది ఒక్కడే. ఆ ఒక్కడూ దొర కాదు.

నవంబర్ 14, శుక్రవారం

వానాకాలం కదా, పెట్రోల్లో నీళ్ళు కలిశాయి అన్నాడు గ్వాన్ అన్న. దారి పక్కన సీసాల్లో అమ్మేది పోయించావా అని అడిగాడు. ఒక్కసారి పోయించాను. దొంగ దొరికినట్టు తలాడించాడు. ట్యాంకు ఖాళీ చేసి తుప్పు కడిగాడు. ఫిల్టర్ మార్చాడు. పంపు విప్పి పొర చూసి మళ్ళీ బిగించాడు. ఆఖరికి కార్బురేటర్ ఊడదీసి బల్ల మీద పరిచాడు. దోసెడు కూడా లేని వస్తువు, లోపల ఎన్ని సందులో! సూది బెజ్జమంత కన్నాలున్న ఇత్తడి ముక్కల్ని ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూసి, నోటితో ఊదాడు. వాటిని జెట్‌లు అంటారట. పెట్రోలూ గాలీ ఇక్కడే కలిసి పొగమంచులాగా అయ్యి ఇంజన్లోకి పోతాయట.

పొగమంచు లాగా. ఆ మాటే అన్నాడు. మా ఊళ్ళో అయితే ఇంజన్‌కి అంత కష్టం అక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు అన్నాను. ఇంక ఈ జన్మలో ఆగదు పో అని భుజం తట్టాడు.

నవంబర్ 17, సోమవారం

ఆగింది.

నవంబర్ 19, బుధవారం

అర్థం కావడం లేదు. ఏమీ అర్థం కావడం లేదు. తెలిసినవన్నీ రాసుకుంటే ఏమైనా తేలుతుందేమో అని కూర్చున్నాను.

దిగేటప్పుడే ఆగుతుంది. ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. బరువు లాగుతూ ఎక్కేటప్పుడు కదా ఆగాలి? దిగడంలో దానికి కష్టమేంటి? ఎండ ఉన్న రోజు మలుపులో హారన్ కొట్టడం మర్చిపోయాను, ఆగలేదు. మంచు పట్టిన రోజు నాలుగుసార్లు కొట్టాను, ఆగింది. ఆగాక కాసేపు కూర్చుంటే దానంతటదే లేస్తుంది. చెడిపోయిన వస్తువు విశ్రాంతి తీసుకుంటే బాగవుతుందా? మనుషులకయితే అవుతుంది. అమ్మ మాట నిజమేనా? ఛీ.

రాస్తే తేలుతుందనుకున్నాను. ఇంకా చిక్కుపడింది.

నవంబర్ 20, గురువారం

బిడ్డ తిరగలేదు. నేనూ పొట్ట మీద చేతులు పెట్టి చూశాను, కుడి పక్కటెముక కింద గుండ్రంగా, గట్టిగా తల. దర్జాగా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. డిసెంబర్ 9న ఆపరేషన్ అని రాసిచ్చారు. ఆలోపు నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా వెంటనే దిగిపోవాలి అని డాక్టరు నాకే చెప్పాడు, నేను ఆ మాట ఎందరికి చెప్పానో ఆయనకి తెలియదు పాపం.

వెంటనే అట. దేంట్లో? నినింగ్ మొగుడు దార్తోది ఆలుగడ్డల లారీ. ఊళ్ళో లారీలన్నీ తెల్లారకముందే సంతకి దిగితే మళ్ళీ వచ్చేది మధ్యాహ్నమే. అంబులెన్సు కింద నుంచి ఎక్కి రావాలి, మళ్ళీ దిగాలి. పగటిపూట తెలగసారిలో ఉండే బండి ఒక్కటే. అది కప్ప.

నవంబర్ 21, శుక్రవారం

గ్వాన్ అన్నకి ఈసారి అంతా వివరంగా చెప్పాను. ఆగుతుంది, కాసేపు కూర్చుంటే లేస్తుంది అనగానే ఆయన మొహం వెలిగిపోయింది. ముందే చెప్పొద్దా, వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతోంది, చల్లారగానే మళ్ళీ పారుతోంది, ఇక్కడ రోజుకి ఇలాంటివి ఎన్ని చూస్తాను అన్నాడు. మందు తేలికే. పంపుకీ, గొట్టానికీ, కార్బురేటర్ మొదట్లో ఉన్న లావు గొట్టానికీ తడి గుడ్డ చుట్టాలి. ఆయనే చుట్టి, చెంబుతో నీళ్ళు పోసి చూపించాడు.

ఇది నాకూ నచ్చింది. జ్వరానికి తడి గుడ్డ. ఇన్నాళ్ళకి నాకు అర్థమయ్యే వైద్యం దొరికింది.

నవంబర్ 24, సోమవారం

దొర పైకి ఎక్కాడు.

తడి గుడ్డ చుట్టుకుని బయల్దేరాను. మలుపు దాకా కూడా రాలేదు, తోట పాత గేటు దగ్గరే ఆగింది. కూర్చున్నాను, లేచింది. కొంచెం దూరం పోయి మళ్ళీ ఆగింది. సంగతి ఎవరు మోశారో, కస్నో తాత బజ్జీలు పొట్లం కట్టుకుని ఎదురొచ్చాడు. సమాధి అక్కడ కదా, ఇక్కడ ఆగడమేంటి అని ఆయన కూడా తల గోక్కున్నాడు. పొద్దున్నే నడకకి వచ్చుంటాడులే అన్నాను. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. బజ్జీ నములుతూ ఏడిచాను. తాత కంగారుపడి పొట్లం మొత్తం ఇచ్చేశాడు.

ఇంటికి రాగానే గుడ్డ విప్పి అవతల పారేశాను. జ్వరంతో ఉన్నదానికి తడి గుడ్డ వేస్తారు గానీ, వణికేదానికి వేస్తారా అంది అమ్మ. ఎవరు వణుకుతున్నారమ్మా అని అరిచాను. కప్పని చూపించింది.

నవంబర్ 27, గురువారం

అక్కా, ఆ కారు నేనెక్కను, దొరకి నా కడుపు మీద కన్నుంది, నువ్వే ఇంట్లో చేసేయి, నీ చేతుల కంటే నాకు ఆసుపత్రి ఎక్కువా అంది నినింగ్. నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకుంది.

కుదరదు అన్నాను. గట్టిగానే అన్నాను. కూర్చున్న బిడ్డ కాళ్ళూ ఒళ్ళూ బయటికొచ్చి తల ఇరుక్కుంటే ఎలా ఉంటుందో నేను చూశాను. అది దానికి చెప్పలేదు. నాకు భయంగా ఉంది. ఊళ్ళో సగం మంది పిల్లల్ని తీసిన చేతులు, సొంత చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి చల్లబడిపోతున్నాయి.

ఇది రాశాక కాస్త తేలికపడింది. అబద్ధం. పడలేదు.

డిసెంబర్ 1, సోమవారం

వరసగా రాస్తాను.

మందులు తేవడానికి ఒక్కదాన్నే దిగాను. మంచు. మలుపు. దగ్గు. ఎక్కిళ్ళు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. దొర మీదా, గ్వాన్ అన్న మీదా, డిసెంబర్ 9 మీదా, అందరి మీదా. కస్నో తాత ఆగాగు బిదానమ్మా అని అరుస్తూనే ఉన్నాడు. ఆగలేదు. ఆగీ ఆగగానే దిగి, అడగకుండా, కూర్చోకుండా, ఏమీ తినకుండా వెనక మూత ఎత్తేశాను.

తెల్లగా ఉంది.

కార్బురేటర్ కింద లావు గొట్టమంతా తెల్లగా నూగు పట్టినట్టుంది. బూజు అనుకున్నాను. వేలితో ముట్టుకున్నాను. చురుక్కుమంది. వేడికి కాదు, చలికి. గోటితో గీరితే పొడి రాలింది, చేతిలో నీరైపోయింది.

మంచు. గడ్డకట్టిన మంచు. నడుస్తున్న ఇంజన్లో.

తాత వచ్చి చూసి నోరు వెళ్ళబెట్టాడు. చివరికి, చలిదేశపు దొర కదా, ఊపిరి అట్లాగే ఉంటుంది అన్నాడు. నేను వినిపించుకోలేదు. చూస్తూ నిలబడ్డాను. ఇంజన్ వేడికి అంచుల్లో కరగడం మొదలైంది. చుక్క, ఇంకో చుక్క. తాత రెండో విడత బజ్జీలు వేసేలోపు అక్కడ తడి గొట్టం తప్ప ఏమీ లేదు. ఎక్కి తాళం తిప్పాను. లేచింది.

సాయంత్రం

మాకు జూలై, ఆగస్టుల్లో వచ్చే గడ్డకట్టే చలి రోజుల్లో, మా పొలాల మీద తెల్లవారుజామున తెల్లగా పరుచుకునేది ఇదే. బున్ ఉపస్ అంటాం, విషపు మంచు. ఒక్క పూటలో ఆలుగడ్డ మొక్కలన్నీ నల్లగా మాడిపోతాయి. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. కానీ అది వాన లేని నెలల్లో పొలంలో పడేది. వానాకాలంలో, ఇంజన్లో పడుతుందని ఎవరనుకుంటారు?

పెట్రోలు పొగమంచులా అయినప్పుడు చల్లబడుతుంది. చేతి మీద స్పిరిట్ రాస్తే చల్లగా ఉంటుంది కదా, రోజూ సూది వేసే ముందు రాస్తూనే ఉన్నాను. ఆ చలికి మా ఊరి తడిగాలి లోపల గడ్డకట్టి దారి మూసేస్తోంది. దిగేటప్పుడు ఇంజన్‌కి పని లేదు, వేడి లేదు. ఊరి నుంచి మలుపు దాకా వచ్చేసరికి గొంతు పూడుకుపోతోంది. తడి గుడ్డ చుడితే ఇంకా ముందే పూడింది.

బండి లేచింది దొర అనుమతితో కాదు. మంచు కరిగింది. మేం మర్యాదగా కూర్చుని బజ్జీలు తిన్నంతసేపూ సాక్ష్యం నీరై కారిపోయింది. ఎవరైనా ఒక్కసారి మర్యాద తప్పి ఉంటే ఎప్పుడో తెలిసేది.

మరి ఇన్నేళ్ళూ నాన్న నడిపినప్పుడు ఎందుకు ఆగలేదు? ఈ చలి ఇప్పుడే పుట్టిందా? మళ్ళీ మొదటికి వచ్చాను.

డిసెంబర్ 2, మంగళవారం

కప్పని ఇంటి ముందు స్టార్టు చేసి వదిలేసి, పేషెంటుని చూసినట్టు ఒక్కో గొట్టాన్నీ ముట్టుకుంటూ పోయాను. సైలెన్సర్ నుంచి వేలంత లావు గొట్టం ఒకటి పైకొచ్చి, కార్బురేటర్ కింది లావు గొట్టానికి అంటుకుని నడిచి, అవతలి వైపు దిగుతుంది. మొదట్లో కాలింది. కొంచెం ముందుకి జరిపితే గోరువెచ్చన. మధ్యలో చల్లన. రక్తం ఆడని కాలు ముట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

గ్వాన్ అన్నకి ఫోన్ చేశాను. ఆ గొట్టమా, అది నేనే మూశాను కదా అన్నాడు!

సైలెన్సర్ మార్చినప్పుడు దానికీ ఆ గొట్టానికీ మధ్య అతుకులో రేకు ముక్క పెట్టాడట. చలిదేశం వాళ్ళు పెట్టుకున్న గొట్టం అది, మన ఎండలకి కార్బురేటర్ కింద పొయ్యి దేనికమ్మా, నా దగ్గరికొచ్చే ప్రతి బీటిల్‌కీ మూస్తాను, దానికి డబ్బులు కూడా తీసుకోను అన్నాడు. ఎంత ప్రేమగా చెప్పాడో. అన్నా, మా ఊరి ఎండ ఎప్పుడైనా చూశావా అన్నాను. మెల్లగా, నీ స్వెట్టరు చూసైనా తట్టాల్సింది అన్నాడు. తిడదామనుకున్నదాన్ని తిట్టలేకపోయాను.

శుక్రవారం తెమ్మన్నాడు. దార్తో వచ్చి ఇక్కడే విప్పబోతే అతుకుకున్న పాత నట్టు తుప్పుకి బిగుసుకుపోయి తల అరిగింది. ఇంకా బలవంతం చేస్తే గొట్టమే విరుగుతుందని వదిలేశాం.

అమ్మకి అంతా చెప్పాను. లోపలికి చలిగాలి దూరి, గొంతు పట్టేసి, ఊపిరాడక పడిపోతోంది, అంతేనా అని అడిగింది. అంతే అన్నాను. ఆ సంగతి నేను ఆ ఆదివారమే చెప్పాను కదా అని లోపలికి పోయింది.

డిసెంబర్ 4, గురువారం, తెల్లవారాక

నినింగ్‌కి ఉమ్మనీరు పోయింది. దార్తో సంతలో ఉన్నాడు. బయట మంచు. వెళ్తున్నాం.

అదే రోజు మధ్యాహ్నం, ఆసుపత్రి వరండా

కూర్చున్న బిడ్డకి నీరు ముందుగా పోతే బొడ్డుతాడు జారే ప్రమాదం ఉంది. జారి నలిగితే బిడ్డకి ఊపిరి ఉండదు. అందుకని నినింగ్‌ని వెనక సీట్లో పడుకోబెట్టి నడుము కింద దిండ్లు పెట్టాను. తల అమ్మ ఒళ్ళో. నా బ్యాగులో ఉన్న వేడినీళ్ళ సంచిని కార్బురేటర్ కింది గొట్టానికి కట్టాను. అమ్మ ఫ్లాస్కు నిండా మరిగే అల్లం కషాయం పట్టుకుంది. నినింగ్‌కి ఇప్పుడు ఏమీ తాగించకూడదమ్మా అన్నాను. దానికెవడు ఇస్తున్నాడు అంది. ఆలోచించే తీరిక లేదు. బిస్మిల్లా అని తాళం తిప్పాను.

తోట గేటు దాటాం. దగ్గలేదు. నాకు ఆశ పుట్టింది. మలుపు కనపడేసరికి సంచి చల్లారిపోయినట్టుంది. దగ్గు. ఎక్కిళ్ళు. ఆగింది. దొర్లించుకు పోదామంటే మలుపు దాటాక దారి కొంచెం ఎక్కి గానీ దిగదు.

నేను దిగేలోపే కస్నో తాత మూతకి అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. బిదానమ్మా, ఇవాళొక్క రోజు నా మాట విను, నిండు చూలాలు బండిలో ఉంది, ఆయన్ని అవమానించకు, కాసేపు కూర్చుని అడుగు అన్నాడు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు. బజ్జీల కోసం చెప్పేవాడనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయన నిజంగా భయపడుతున్నాడు. లోపల నుంచి నినింగ్, తాతా తప్పుకో, లేదా నీ బజ్జీల బుట్టలోనే కంటాను అని అరిచింది. తాత కదల్లేదు. ముసలాయన్ని నెట్టాలా? చెయ్యి ఎత్తాను కూడా.

అప్పుడు అమ్మ దిగింది. ఫ్లాస్కు పట్టుకుని సమాధి వైపు తిరిగి, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా మాట్లాడింది. దొరా, నీకూ చలేస్తోంది, మా కప్పకీ చలేస్తోంది, మా పిల్ల తొందరలో ఉంది, కూర్చోవడానికి లేదు, అల్లం కషాయం తెచ్చాను, ఇద్దరూ తాగండి అంది. ఫ్లాస్కు మూత నిండా ఒంపి సమాధి ముందు నేల మీద పోసింది. ఇప్పుడు అడిగినట్టే కదా కస్నో అంది. తాత పక్కకి జరిగాడు.

మూత ఎత్తాను. తెల్లగా ఉంది. అమ్మ మిగతా కషాయమంతా గొట్టం మీద పోసింది. బుస్సుమని ఆవిరి లేచింది. అల్లం, తాటిబెల్లం వాసన. తెల్లదనం చూస్తుండగానే జారిపోయింది. తాళం తిప్పాను. ఒకసారి తుమ్మి, లేచింది. వేడి తగ్గకుండా చిన్న గేరులో యాక్సిలరేటర్ గట్టిగా అదిమి, ఇంజన్ అరుస్తున్నా వినకుండా కింది దాకా అలాగే దింపేశాను.

ఆడపిల్ల. బయటికి రాగానే ఏడ్చింది. నినింగ్ బాగుంది. ఆపరేషన్ గది బయట నిలబడి అంతా విన్నాను, నేనేమీ చేయలేదు. చేయడానికి ఏమీ లేకపోవడం ఇంత బాగుంటుందని తెలియదు. వరండాలో అమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోతోంది. ఇద్దరి దగ్గరా అల్లం వాసన.

అమ్మా, దొరకి పోశావా, తాత కోసం పోశావా అని అడిగాను ఇందాక. చలేసినవాళ్ళకి పోశాను అంది.

డిసెంబర్ 5, శుక్రవారం

గ్వాన్ అన్న నట్టు కోసి రేకు తీశాడు. నాణెమంత ముక్క. ఇంజన్ మీద వేలితో తుడిచి నాకి చూసి, ఇదేంటి తియ్యగా ఉంది అని అడిగాడు. మందు అన్నాను.

డిసెంబర్ 11, గురువారం

పాప పేరు ఎంబున్. బున్ ఉపస్‌లోని బున్ ఇదే. మంచు. విషం తీసేసి మంచు మాత్రం ఉంచుకున్నాను అక్కా అంది నినింగ్.

పొద్దున మంచులోనే దిగి వచ్చాను. మలుపులో కప్ప దగ్గనైనా దగ్గలేదు. గొట్టం మధ్యలో ముట్టుకుంటే చెయ్యి కాలింది. రేకు సంగతీ, గొట్టం సంగతీ ఊళ్ళో అందరికీ బొమ్మ గీసి మరీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విని, దొరకి అల్లం కషాయం ఇష్టమని ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియకపోయె అని బాధపడ్డారు.

కస్నో తాత కొట్టులో ఇప్పుడు కషాయం కూడా అమ్ముతున్నాడు.

డిసెంబర్ 18, గురువారం, క్లివోన్

మలుపులో కప్ప ఆగలేదు. నేనే ఆపాను.

సమాధి ముందు మూడు గ్లాసుల కషాయం. రెండు చల్లారి ఉన్నాయి. మూడోది పొగలు కక్కుతోంది. తాత కొట్టు ఇవాళ తెరవలేదు. దారిలో ఎవరూ ఎదురు రాలేదు. చూస్తుండగా గ్లాసు సగమైంది, లేదా మొదటి నుంచీ సగమే ఉందేమో.

ఎక్కి కూర్చున్నాను. హారన్ కొట్టాను. రెండుసార్లు.